డీబగ్గర్ టెస్టులకు పేర్లు ఎలా ఉండాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో జీడీబీ అనే డీబగ్గర్ (ప్రోగ్రాముల్లో లోపాలు వెతకడానికి వాడే సాధనం) టెస్టుల గురించి నేను రాసిన పరిచయం చదివి చాలామంది ప్రశ్నలు పంపారు. వాటిలో టెస్టుల పేర్ల మీద వచ్చినవే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాను. ఆదేశాలనూ ఫైళ్ల పేర్లనూ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: నమస్కారం మేడం. నేను బి.టెక్. చివరి సంవత్సరం చదువుతున్నాను. జీడీబీలో ఒక చిన్న లోపాన్ని సరిచేసి, దానికి టెస్టు కూడా రాసి ప్యాచ్ (మార్పుల ఫైలు) పంపాను. కోడ్ బాగుందన్నారు. కానీ రెండు టెస్టులకు ఒకే పేరు ఉందనీ, ఇంకో టెస్టు పేరులో నా ఫోల్డరు దారి కనిపిస్తోందనీ, సరిచేసి మళ్లీ పంపమనీ తిప్పి పంపారు. టెస్టులన్నీ పాసవుతున్నప్పుడు పేరు ఏదైతే ఏమిటి మేడం? ఇది పై మెరుగుల కోసం చేసే పని కాదా?
– విద్యార్థిని, కాకినాడ

జవాబు: పై మెరుగు కాదమ్మా. మీ ప్యాచ్ చూసినవారు న్యాయమైన మాటే అడిగారు. ఎందుకో తెలియాలంటే ఆ టెస్టులు నడిచే తీరు కొంచెం చూడాలి.

జీడీబీ టెస్టులు డెజాగ్ను అనే టెస్టు సాధనం మీద నడుస్తాయి. డెజాగ్నుకు ఆధారం డాన్ లైబ్స్ రాసిన ఎక్స్‌పెక్ట్. ఎక్స్‌పెక్ట్‌కు ఆధారం 1980ల చివర్లో జాన్ ఆస్టర్‌హౌట్ బర్క్‌లీలో రూపొందించిన టీసీఎల్ భాష. కీబోర్డు ముందు కూర్చున్న మనిషి చేసే పనినే ఎక్స్‌పెక్ట్ చేస్తుంది. జీడీబీకి ఒక ఆదేశం పంపుతుంది, జవాబు కోసం కాచుకుని ఉంటుంది. వచ్చిన జవాబు మనం ఇచ్చిన నమూనాతో సరిపోతే పాస్, సరిపోకపోతే ఫెయిల్. అంతా అయ్యాక రెండు ఫైళ్లు మిగులుతాయి. జీడీబీ.లాగ్‌లో జరిగిన సంభాషణ అంతా ఉంటుంది. జీడీబీ.సమ్‌లో ఒక్కో టెస్టుకు ఒక్కో వరుస ఉంటుంది, ఇలా:

పాస్: జీడీబీ.బేస్/కౌంటర్.ఈఎక్స్‌పీ: ప్రింట్ కౌంటర్

ముందు ఫలితం, తర్వాత ఫైలు, ఆ తర్వాత టెస్టు పేరు. క్రమసంఖ్య ఏదీ ఉండదు. నిన్న నడిపినప్పటి టెస్టూ ఇవాళ నడిపిన టెస్టూ ఒకటేనని చెప్పడానికి ఆ పేరు తప్ప వేరే ఆధారం లేదు.

అన్నీ పాసవుతున్నాయి కదా అన్నారు. మీ ఫైలులో పాసవుతున్నాయి. ఒకసారి మొత్తం టెస్టులు నడిపి చూడండి. వేలకు వేల వరుసలు వస్తాయి, వాటిలో కొన్ని ఫెయిల్ అనే చెబుతాయి. కంపైలర్ వెర్షన్, సి లైబ్రరీ, కెర్నల్, పైథాన్ వెర్షన్, వీటిలో ఏది మారినా ఫెయిళ్ల జాబితా కొంత మారుతుంది. ఒక్క ఫెయిల్ కూడా లేకుండా మొత్తం నడవడం నేను ఇంతవరకూ చూడలేదు. అందుకే జీడీబీ మీద పనిచేసేవాళ్లకు ఫెయిళ్లు ఎన్ని అన్నది పెద్ద ప్రశ్న కాదు. నా మార్పుకు ముందు పాసై, మార్పు తర్వాత ఫెయిలైనవి ఉన్నాయా అన్నదే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందటి సమ్ ఫైలునూ తర్వాతి సమ్ ఫైలునూ పేరుకు పేరు జత చేసి పోల్చాలి.

ఇప్పుడు మీ టెస్టుకు వద్దాం. బహుశా మీరు ఇలా రాసి ఉంటారు: ప్రింట్ కౌంటర్ అని అడిగి 1 వస్తుందా అని చూశారు, నెక్స్ట్ ఇచ్చారు, మళ్లీ ప్రింట్ కౌంటర్ అడిగి 2 వస్తుందా అని చూశారు. జీడీబీ_టెస్ట్ అనే ప్రొసీజరుకు మూడు విషయాలు ఇవ్వవచ్చు: ఆదేశం, రావలసిన జవాబు నమూనా, టెస్టు పేరు. మూడోది ఇవ్వకపోతే ఆదేశమే పేరవుతుంది. చేతికి తేలిక కాబట్టి అందరూ మూడోది వదిలేస్తారు. ఫలితంగా సమ్ ఫైలులో ప్రింట్ కౌంటర్ పేరుతో రెండు వరుసలు పడతాయి.

రెండూ పాసవుతున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఆరు నెలల తర్వాత ఇంకెవరో చేసిన మార్పుతో ఒకటి చెడిపోయిందనుకోండి. ఒక ప్రింట్ కౌంటర్ పాస్, ఒక ప్రింట్ కౌంటర్ ఫెయిల్. ఏది చెడింది? మనిషైతే లాగ్ తెరిచి వెతుక్కుంటాడు. స్క్రిప్టు అలా వెతకదు. పేరు, దాని పక్కన ఫలితం అని పట్టిక రాసుకునే స్క్రిప్టులో రెండో వరుస మొదటిదాన్ని చెరిపేస్తుంది. మొదటిది ఫెయిలై రెండోది పాసైతే, పట్టికలో మిగిలేది పాస్.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఒక కొత్త ప్రాసెసర్‌కు జీడీబీని సిద్ధం చేస్తున్న బృందంలో నేను పనిచేసినప్పుడు, వాచ్‌పాయింట్ (చలరాశి విలువ మారగానే ప్రోగ్రాంను ఆపే ఏర్పాటు) టెస్టు ఒకదానిలో కంటిన్యూ అనే పేరు రెండు చోట్ల ఉండేది. మొదటి కంటిన్యూ దగ్గర ప్రోగ్రాం ఆగవలసిన చోట ఆగడం లేదు. టెస్టు ఆ లోపాన్ని పట్టుకుంది, ఫెయిల్ అని రాసింది కూడా. కానీ రెండో కంటిన్యూ పాసవడంతో, రోజూ ఉదయం మాకు వచ్చే పోలిక నివేదికలో ఆ ఊసే లేదు. ఎవరో ఎంతో శ్రద్ధగా రాసిన టెస్టు, తన పని తాను సరిగ్గా చేసిన టెస్టు, దాని మాట మాకు చేరలేదు. పేర్ల విషయంలో నేను ఇంత పట్టుగా ఉండటానికి కారణం అదే.

దిద్దడం కష్టమేమీ కాదు. మూడో స్థానంలో పేరు ఇవ్వండి: ప్రింట్ కౌంటర్ బిఫోర్ ఇంక్రిమెంట్, ప్రింట్ కౌంటర్ ఆఫ్టర్ ఇంక్రిమెంట్. దయచేసి ప్రింట్ కౌంటర్ 1, ప్రింట్ కౌంటర్ 2 అని అంకెలు మాత్రం తగిలించకండి. రేపు మధ్యలో ఇంకో టెస్టు చేరిస్తే అంకెలన్నీ జరుగుతాయి. నిన్న 2 అనిపించుకున్నది ఇవాళ 3 అవుతుంది. అప్పుడు పోల్చే స్క్రిప్టు వేరువేరు టెస్టులను ఒకటేననుకుంటుంది. రెండు టెస్టులకు ఒకే పేరు ఉన్నప్పుడు కనీసం అనుమానమైనా వస్తుంది, ఇక్కడ అదీ రాదు.

ఒకే వరస ఆదేశాలను రెండు సందర్భాల్లో నడపవలసి వస్తే ప్రతి దానికీ పేరు రాయనక్కర్లేదు. ఒకే తరగతిలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే మాస్టారు ఇంటిపేరు ముందు చేర్చి పిలుస్తారు కదా. విత్_టెస్ట్_ప్రిఫిక్స్ చేసేది సరిగ్గా ఆ పనే. ఆ గుంపును దానిలో పెట్టి బిఫోర్ అని ఇస్తే, లోపలి టెస్టులన్నిటికీ ముందు ఆ మాట చేరి, బిఫోర్: ప్రింట్ కౌంటర్ అని వస్తుంది. లూపుల కోసం ఫోరీచ్_విత్_ప్రిఫిక్స్ ఉంది. నాన్_స్టాప్ అనే చలరాశికి ఆన్, ఆఫ్ విలువలు ఇచ్చి లూపు తిప్పితే, నాన్_స్టాప్=ఆన్, నాన్_స్టాప్=ఆఫ్ అని పేర్ల ముందు దానంతటదే చేరుతుంది. ఫెయిలైన వరుస చూడగానే ఏ అమరికలో చెడిందో లాగ్ తెరవకుండానే తెలుస్తుంది.

ఇక ఫోల్డరు దారి. ఫైల్ ఆదేశానికి ప్రోగ్రాం దారి ఇచ్చి, పేరు వదిలేసి ఉంటారు. ఆదేశమే పేరైంది కాబట్టి మీ హోం ఫోల్డరు మొదలు మొత్తం దారి పేరులోకి వచ్చింది. ఆ టెస్టు మీ కంప్యూటర్‌లో ఒక పేరుతో, నా కంప్యూటర్‌లో ఇంకో పేరుతో ఉంటుంది. లోడ్ ప్రోగ్రాం అనో, ఫైల్ ఆదేశం ఎందుకు ఇచ్చారో చెప్పే మరో చిన్న మాటో పేరుగా పెడితే సరిపోతుంది.

ఈ రెండు తప్పులనూ జీడీబీయే పట్టిస్తుంది. 2020లో చేర్చిన తనిఖీ ఒకటి, ఒకే ఫైలులో పేరు రెండోసారి వస్తే సమ్ ఫైలులో డూప్లికేట్ అని ఒక వరుస రాస్తుంది. పేరులో సోర్సు ఫోల్డరు దారి గానీ బిల్డు ఫోల్డరు దారి గానీ కనిపిస్తే పాత్ అని రాస్తుంది. చివర లెక్కల్లో కూడా ఈ రెండింటికీ చెరో వరుస ఉంటుంది. ప్యాచ్ మళ్లీ పంపే ముందు ఆ వరుసలు ఉన్నాయేమో చూసుకోండి.

ప్రశ్న: మా బృందంలో ఒకే సోర్సును రెండు యంత్రాల మీద బిల్డు చేసి టెస్టులు నడుపుతాం. ఫలితాలు పోలిస్తే వందల తేడాలు వస్తున్నాయి. తెరిచి చూస్తే నిజమైన తేడాలు చాలా తక్కువ. డూప్లికేట్, పాత్ తనిఖీలు రెండూ శుభ్రంగానే ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?
– టెస్ట్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: ఆ తనిఖీకి రెండు విషయాలే తెలుసు. పేరులో మారే సరుకు ఇంకా చాలా రకాలుగా దూరుతుంది.

మొదట ప్రాసెస్ సంఖ్యలు చూడండి. అటాచ్ ఆదేశం పక్కన చలరాశిలో ప్రాసెస్ సంఖ్య ఇచ్చి, పేరు వదిలేస్తే, ఆ టెస్టుకు నడిపిన ప్రతిసారీ కొత్త పేరే. యంత్రాలు రెండు ఉండనక్కర్లేదు, ఒకే యంత్రం మీద రెండుసార్లు నడిపినా తేడా వస్తుంది.

తర్వాత మెమరీ చిరునామాలు. ఇవి ఇంకొంచెం మాయ చేస్తాయి. లినక్స్‌లో జీడీబీ తాను మొదలుపెట్టే ప్రోగ్రాములకు చిరునామాలను కలగాపులగం చేసే ఏర్పాటును మామూలుగా ఆపేస్తుంది. అందువల్ల ఒకే యంత్రం మీద ఎన్నిసార్లు నడిపినా అదే చిరునామా వస్తుంది, పేరు నిలకడగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కంపైలర్ వెర్షన్ మారిన రోజున ఆ చిరునామాలన్నీ జరుగుతాయి, పేర్లూ జరుగుతాయి. మీ రెండు యంత్రాల్లో జీసీసీ కంపైలర్ వెర్షన్లు ఒకటేనా అని ముందు చూడండి. జీడీబీసర్వర్ (వేరే యంత్రం మీది ప్రోగ్రాంను డీబగ్ చేయనిచ్చే తోడు ప్రోగ్రాం) టెస్టుల్లో పోర్టు సంఖ్య కూడా ఇలాంటిదే. ఆ పోర్టు ఖాళీగా లేకపోతే వేరేది తీసుకోవలసి వస్తుంది కాబట్టి, పేరులో ఉన్న అంకె మారుతుంది.

వరుస సంఖ్యల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. బ్రేక్ 42 అని పేరు పడిన టెస్టు, ఆ సి ఫైలు పైభాగంలో ఎవరో ఒక వ్యాఖ్య చేర్చగానే బ్రేక్ 43 అవుతుంది. కాపీరైట్ వరుసల్లో ఒకటి పెరిగినా చాలు. దీనికి జీడీబీలో చక్కటి ఏర్పాటు ఉంది. సి ఫైలులో ఆగవలసిన వరుస చివర వ్యాఖ్యలో బ్రేక్ హియర్ లాంటి గుర్తు రాసి, జీడీబీ_గెట్_లైన్_నంబర్‌తో ఆ గుర్తున్న వరుస సంఖ్యను అప్పటికప్పుడు తెచ్చుకోవచ్చు. అంత చక్కగా సంఖ్యను తెచ్చుకుని, మళ్లీ దాన్నే పేరులోకి జారనిచ్చినవి నేను ఎన్నో చూశాను. సంఖ్య ఆదేశంలో ఉండనివ్వండి. పేరులో మాత్రం ఆ గుర్తు మాటలే రాయండి.

వెతకడానికి నేను వాడే పద్ధతి ఇది. ఒకే యంత్రం మీద, ఒకే సోర్సును వేరువేరు పేర్లున్న రెండు ఫోల్డర్లలో బిల్డు చేయండి. ఫోల్డరు పేర్లు వేరువేరు పొడవులో ఉంటే ఇంకా మంచిది. రెండిటిలోనూ టెస్టులు నడిపి, సమ్ ఫైళ్లను సార్ట్ చేసి డిఫ్ పెట్టండి. తర్వాత రెండో ఫోల్డరును మరో కంపైలర్‌తో బిల్డు చేసి మళ్లీ పోల్చండి. మొదటి పోలికలో బయటపడేవి ప్రాసెస్ సంఖ్యలు, పోర్టులు, తనిఖీకి అందని దారులు. రెండో పోలికలో చిరునామాలు బయటపడతాయి. సమయాన్ని బట్టి ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేవి కూడా వీటి మధ్య తేలతాయి, ముఖ్యంగా థ్రెడ్ల ఫోల్డరులో. వాటిని పక్కన పెట్టండి. వాటికి కావలసిన వైద్యం వేరు.

ప్రశ్న: టెస్టు పేరు చివర కుండలీకరణాలు వాడకూడదంటారు, పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టకూడదంటారు. ఈ రెండింటికీ కారణం ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మొదటిదానికి గట్టి కారణం ఉంది. టెస్టు ఫెయిలైనప్పుడు ఎలా ఫెయిలైందో జీడీబీ టెస్టుల లైబ్రరీయే పేరు చివర కుండలీకరణాల్లో చేరుస్తుంది. గడువులోగా జవాబు రాకపోతే టైమౌట్ అనీ, డీబగ్గర్ లోపలే ఏదో విరిగితే ఇంటర్నల్ ఎర్రర్ అనీ. కాబట్టి చివరి కుండలీకరణం పేరులో భాగం కాదన్న ఒప్పందం మీద పోలికలు నడుస్తాయి. మీరు స్టెప్ తర్వాత కుండలీకరణంలో మొదటి థ్రెడ్ అనీ, ఇంకో స్టెప్ తర్వాత రెండో థ్రెడ్ అనీ రాస్తే, ఆ మాటలు రాలిపోయి రెండూ ఉత్త స్టెప్‌గా మిగులుతాయి. ఆ వివరాన్ని కుండలీకరణం లేకుండా రాయండి, లేదా ముందుకు తెచ్చి ప్రిఫిక్స్‌గా పెట్టండి.

రెండోది ఒక పద్ధతి, అంతే. 2016లో పెద్ద అక్షరంతో మొదలయ్యే పేర్లను వరుసపెట్టి మార్చారు. ఆదేశాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి కాబట్టి పేర్లన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి, సార్ట్ చేసినప్పుడు కలిసి ఉంటాయి. పాటించండి, కానీ దీని కోసం ఎవరి ప్యాచ్‌నూ నిలిపివేయకండి.

ప్రశ్న: మాది కొంత పాత డీబగ్గర్ కోడ్ శాఖ (బ్రాంచ్), సొంత టెస్టులు చాలా ఉన్నాయి. పేర్లన్నీ ఒకేసారి శుభ్రం చేద్దామని మా జూనియర్లు ఉత్సాహంగా ఉన్నారు. కానీ పేర్లు మారిస్తే ఇన్నేళ్ల చరిత్ర తెగిపోదా? పేరే గుర్తింపు అని మీరే రాశారు.
– బృంద నాయకుడు, బెంగళూరు

జవాబు: తెగిపోతుందండీ. ఆ మాట దాచను. పేరు మార్చిన మర్నాడు పోలిక నివేదికలో పాత పేర్లన్నీ మాయమైన టెస్టులుగా, కొత్త పేర్లన్నీ కొత్త టెస్టులుగా కనిపిస్తాయి. జీసీసీతో వచ్చే పోలిక స్క్రిప్టులో, ఇంతకుముందు పాసై ఇప్పుడు కనిపించకుండా పోయినవి అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. టెస్టు మాయం కావడం అంత ఆందోళన పడవలసిన విషయమని ఆ స్క్రిప్టు రాసినవారికి తెలుసు. కాబట్టి పేర్లు మార్చేటప్పుడు, ఈ మాయమైనవన్నీ పేరు మారినవేనని ఎవరైనా రుజువు చేసుకోగలిగేలా మార్చాలి.

అందుకు నా పట్టుదల ఒక్కటే. పేర్లు మార్చే కమిట్‌లో పేర్లు తప్ప ఇంకేమీ మారకూడదు. నమూనాలో ఒక చుక్క దిద్దాలనిపించినా సరే, అది వేరే కమిట్‌లోకి వెళ్లాలి. పేర్లు మాత్రమే మారినప్పుడు పాస్‌ల సంఖ్య, ఫెయిళ్ల సంఖ్య, తెలిసిన ఫెయిళ్ల సంఖ్య మార్పుకు ముందూ తర్వాతా సరిగ్గా ఒకటే ఉండాలి. మారినవి డూప్లికేట్ల లెక్క, పాత్‌ల లెక్క మాత్రమే అయి ఉండాలి. లాగ్ ఫైలులో జీడీబీకి వెళ్లిన ఆదేశాల వరుస కూడా మారకూడదు. ఈ తనిఖీ ఫలితాన్ని కమిట్ సందేశంలో రాయండి. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకటి రెండు ఉదాహరణలుగా ఇవ్వండి. రెండేళ్ల తర్వాత పాత పేరుతో గిట్ లాగ్ వెతికేవారికి ఆ సందేశమే దారి చూపుతుంది.

మరో జాగ్రత్త. మీ దగ్గర గానీ, మీ డీబగ్గర్‌ను ప్యాకేజీగా తయారుచేసేవారి దగ్గర గానీ, తెలిసిన ఫెయిళ్ల జాబితా పేర్లతో ఉంటుంది. పేరు మార్చిన రోజునే ఆ జాబితా కూడా మారాలి. లేకపోతే పాత ఫెయిల్ కొత్త వేషంలో వచ్చి, ఇది కొత్త లోపమని అందరినీ పరుగులు పెట్టిస్తుంది. టెస్టు కోడ్‌లోనే సెటప్_కేఫెయిల్‌తో బగ్ సంఖ్య రాసి పెట్టినవాటికి ఈ బెడద లేదు, అది పేరును చూడదు. జాబితాలో ఉన్నవాటిని వీలైనంతవరకు టెస్టులోకే తీసుకురావడానికి ఇదే అదను.

ఒకేసారి చేయాలా, కొంచెం కొంచెంగా చేయాలా అంటే, డూప్లికేట్లనూ మారే పేర్లనూ ఆలస్యం చేయకుండా మార్చండి. వాటికి పోగొట్టుకునే చరిత్ర లేదు. రెండింటికి ఒకే పేరున్నప్పుడు ఏ ఫలితం ఎవరిదో ఇన్నాళ్లూ తెలియనే లేదు, రోజూ మారే పేరుకు నిన్నటితో లంకే లేదు. నిలకడగా ఉండి, ఒకే టెస్టుకు చెందిన పేరు ఎంత అందవికారంగా ఉన్నా దాని జోలికి వెళ్లకండి. మీ జూనియర్ల ఉత్సాహాన్ని ఈ ఒక్క చోట మాత్రం ఆపండి.

ప్రశ్న: తెలుగు అక్షరాలున్న స్ట్రింగులను జీడీబీ సరిగ్గా చూపిస్తుందా అని టెస్టు రాస్తున్నాను. టెస్టు పేరులో ఆ తెలుగు మాటే పెట్టవచ్చా?
– ప్రోగ్రామర్, తెనాలి

జవాబు: మంచి పని చేస్తున్నారు, ఇలాంటి టెస్టులు మన వైపు నుంచే రావాలి. పేరులో మాత్రం వద్దు. జీడీబీ టెస్టులు ప్రతి యంత్రం మీదా ఒకేలా నడవాలని భాషా అమరికను సి లొకేల్‌కు మార్చి నడుపుతారు. ఆ అమరికలో జీడీబీ తెలుగు అక్షరాలను అక్షరాలుగా చూపించదు. 'త' అనే అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు కాబట్టి, దాన్ని మూడు అష్టాంశ సంఖ్యలుగా, 340, 260, 244 అని వెనుక గీతలతో చూపిస్తుంది. మీ టెస్టు చూడవలసిన అసలు విషయం కూడా ఇదే. అమరిక మార్చకముందు ఈ సంఖ్యలు వస్తున్నాయా, సెట్ హోస్ట్-చార్‌సెట్, సెట్ టార్గెట్-చార్‌సెట్‌లతో యూటీఎఫ్-8 ఇచ్చాక అక్షరాలు వస్తున్నాయా అన్నవి రెండు వేరు టెస్టులు, రెండింటికీ ఆదేశం ఒకటే. కాబట్టి అమరిక పేరునే ప్రిఫిక్స్‌గా పెట్టండి. ఆదేశంలోనే తెలుగు మాట ఉంటే మూడో స్థానంలో పేరు ఇవ్వడం మరవకండి. లేకపోతే ఆ మాట పేరులోకి వచ్చి, ఒక్కో టెర్మినల్‌లో ఒక్కో రూపంలో కనిపిస్తుంది.

ప్రశ్న: మేము వాడేది మరో డీబగ్గర్ అయిన ఎల్‌ఎల్‌డీబీ. దాని టెస్టులు పైథాన్‌లో ఉంటాయి కాబట్టి ఈ బాధలు మాకు లేవనుకోవచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పుణె

జవాబు: అనుకోకండి. పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో టెస్టు పేరంటే మెథడ్ పేరే. ఒకే క్లాసులో టెస్ట్_స్టెప్ అని రెండు మెథడ్లు రాస్తే పైథాన్ కిక్కురుమనదు. రెండో నిర్వచనం మొదటిదాని స్థానంలో కూర్చుంటుంది, మొదటి టెస్టు అసలు నడవనే నడవదు. జీడీబీలో కనీసం రెండు వరుసలు పడతాయి, లాగ్‌లో రుజువు ఉంటుంది. ఇక్కడ టెస్టు ఉన్న జాడే ఉండదు. పాత మెథడ్‌ను నకలు తీసి కొత్తది రాస్తూ పేరు మార్చడం మరిచినప్పుడు ఇది జరుగుతుంది. పైథాన్ కోడ్‌ను తనిఖీ చేసే ఫ్లేక్8 దీన్ని ఎఫ్811 హెచ్చరికగా పట్టిస్తుంది. ఆ ఒక్క హెచ్చరికనైనా తప్పనిసరి చేయండి.

ఎల్‌ఎల్‌డీబీలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఒకే టెస్టును వేరువేరు డీబగ్ సమాచార రూపాలతో నడిపేటప్పుడు మెథడ్ పేరు చివర డ్వార్ఫ్, డీడబ్ల్యూఓ, మ్యాక్‌లో అయితే డీసిమ్ అని అదే చేరుస్తుంది. ఏ రూపంలో చెడిందో పేరే చెబుతుంది.

ప్రశ్న: మా కళాశాలలో విద్యార్థుల మినీ ప్రాజెక్టుకు జీడీబీ టెస్టుల పేర్లు సరిచేసే పని ఇవ్వాలనుకుంటున్నాను. ఇది ప్రాజెక్టు స్థాయికి తగదని తోటి అధ్యాపకులు అంటున్నారు. మీ అభిప్రాయం?
– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: నిస్సందేహంగా ఇవ్వండి. పేరు సరిగ్గా పెట్టాలంటే ఆ టెస్టు ఏమి పరీక్షిస్తోందో అర్థం కావాలి. అది అర్థం కావాలంటే లాగ్ చదవాలి, బ్రేక్‌పాయింట్ ఎలా పడుతుందో, స్టెప్‌కూ నెక్స్ట్‌కూ తేడా ఏమిటో, ఫోర్క్ అయినప్పుడు డీబగ్గర్ ఎవరి వెంట వెళుతుందో తెలియాలి. తరగతిలో ఒక పేజీలో చదివేసిన విషయాలు అక్కడ పనిచేస్తూ కనిపిస్తాయి. పైగా పేరు మాత్రమే మారుతుంది కాబట్టి, తాము ఏదో పాడుచేస్తామన్న భయం లేకుండా పెద్ద కోడ్‌లో చేయిపెట్టే అవకాశం విద్యార్థులకు దొరుకుతుంది. నాణ్యత చూసేవారికీ సులువు. ముందటి లెక్క, తర్వాతి లెక్క పక్కపక్కన పెడితే చాలు.

పేరులో ఏమి ఉండాలో విద్యార్థులకు ముందే చెప్పండి. ఏమి చూస్తున్నామో పేరు చెప్పాలి. ఫలితాన్ని పేరు చెప్పకూడదు. తప్పుడు ఎక్స్‌ప్రెషన్ ఇస్తే ఫెయిలవుతుంది అని పేరు పెట్టిన టెస్టు ఫెయిలైతే, ఆ వరుసలో రెండు ఫెయిళ్లు కనిపించి, ఏది జరిగిందో చదివేవారికి అర్థం కాదు. తప్పుడు ఎక్స్‌ప్రెషన్‌తో ప్రింట్ అంటే చాలు.

ఒక్కో విద్యార్థికి ఒక్కో ఫైలు ఇవ్వండి, ఫోల్డరు మొత్తం వద్దు. టెస్ట్స్ అనే చలరాశిలో ఆ ఒక్క ఫైలు పేరు ఇచ్చి మేక్ చెక్ నడిపితే, చాలా ఫైళ్లకు నిమిషం కూడా పట్టదు. డూప్లికేట్ వరుసలు లేని ఫైలు వస్తే విద్యార్థి నిరుత్సాహపడతాడు కాబట్టి, ముందు మీరే మొత్తం ఒకసారి నడిపి, ఆ వరుసలున్న ఫైళ్ల జాబితా తీసి పెట్టుకోండి. మీ ప్రయోగశాల యంత్రాల్లో డెజాగ్నుతో పాటు జీసీసీ, జీ++ కూడా ఉండాలి. ఫోర్ట్రాన్, ఏడా కంపైలర్లు లేకపోతే ఆ ఫోల్డర్ల టెస్టులు నడవకుండా పక్కకు పోతాయి, వాటిని ఎవరికీ కేటాయించకండి.